అల్లుడు ఊదిన విజిల్

నా చిన్నప్పుడు నేనొక రెఫరీని కొన్నాను. అప్పటికి నాకు పదకొండేళ్లు. ఎవరి సలహా తీసుకోలేదు, మధ్యవర్తిని పెట్టుకోలేదు. ఒక్క పొద్దుటిపూటలో, రెండు సేర్ల బెల్లంతో బేరం ముగించాను. మా బజారులో మా బాపు దుకాణంతో కలిపి పద్నాలుగు దుకాణాలుండేవి. ఆ పద్నాలుగు మంది సేట్లలో అంత పెద్ద సరుకును అంత చవగ్గా కొన్నవాడు అంతకు ముందూ లేడు, తర్వాతా లేడు. ఈ మాట గొప్పగా చెప్పుకోవడానికి నాకు ఒక్కటే అడ్డం. నేను కొన్నాననుకున్న మనిషికి తనను ఎవరో కొన్నారన్న సంగతే తెలియదు.

మాది కోస్గి. వాన పడితే పంట, పడకపోతే పస్తు. వారానికోసారి అంగడి. ఆ ఒక్కరోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చి మా బజారులో నిలబడేవి. నేను బెల్లం దిమ్మలకూ చింతపండు బస్తాలకూ మధ్య పెరిగాను. సేర్లు పోయి కిలోలు వస్తున్న రోజులవి. మా తరాజు పక్కన పాత రాళ్లూ కొత్త రాళ్లూ రెండూ ఉండేవి, కానీ నోళ్లల్లో ఇంకా సేర్లే. సరుకును కాదు, కొనడానికి వచ్చిన మనిషి కళ్లను చూడాలని నాకు నడక వచ్చినప్పుడే తెలిసింది. తూకం వేసేటప్పుడు బొటనవేలు ఎక్కడ పెట్టాలో ఎవరూ నేర్పలేదు, అయినా వచ్చింది. మనుషులందరికీ ఏదో ఒక ధర ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ని. తెలివిగల పిల్లవాడని అందరూ అనేవాళ్లు. నేనూ కాదనేవాణ్ని కాదు.

మా ఊళ్లోకి ఫుట్‌బాల్ ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను కళ్లు తెరిచేసరికే బడి వెనుక మైదానంలో ఆ చివర రెండు, ఈ చివర రెండు గుంజలు పాతి ఉన్నాయి. ఉన్నది ఒకటే తోలు బంతి. దాని లోపలి బ్లాడరుకు సైకిలు దుకాణంలో వేసిన అతుకులు బ్లాడరు కంటే ఎక్కువ. ఆటగాళ్లందరూ వట్టికాళ్లతోనే ఆడేవాళ్లు. ఏటా పంద్రాగస్టు నాడు పొద్దున జెండా, పిప్పరమెంట్లు, సాయంత్రం అవతలి ఊరి జట్టుతో మ్యాచు. ఆ మ్యాచు గెలిస్తే మళ్లీ పంద్రాగస్టు దాకా అంగట్లో మా ఊరివాళ్ల గొంతు ఒక మెట్టు పైనే ఉండేది. ఓడితే అవతలి ఊరివాళ్లు ఉప్పు కొంటూ కూడా ఎకసెక్కెం ఆడేవాళ్లు.

రెఫరీ మా బడి డ్రిల్లు సారు. ఒకప్పుడు ఫౌజులో పనిచేసిన మనిషి. ఖాకీ నిక్కరు, తెల్ల షర్టు, మెడలో నల్లదారానికి ఇత్తడి విజిల్. మైదానం గీతలు కూడా ఆయనే వేసేవారు. రెండు మేకుల మధ్య సుతిలి తాడు బిగించి, దాని వెంట వంగి నడుస్తూ సున్నం పోసేవారు. వాన పడి గీత చెరిగితే మళ్లీ మొదటి నుంచి వేసేవారు తప్ప ఎక్కడిదక్కడ దిద్దేవారు కాదు. ఇంత సూటి మనిషితో మా ఊరికి ఒక్కటే పేచీ. ఆయన భార్యది అవతలి ఊరు. పైగా ఆమె తమ్ముడు ఆ జట్టులో ఆటగాడు.

రెఫరీ అవతలి ఊరి అల్లుడైతే మా ఊరికి న్యాయం జరుగుతుందా? ఈ ప్రశ్న మీద మా బజారులో పాన్‌డబ్బా ముందు జరిగినంత విచారణ ఏ కచేరీలోనూ జరిగి ఉండదు. సాక్ష్యాలకు కొదవ లేదు. "పెండ్లిల కాళ్లు కడిగి అల్లున్ని చేసుకున్నరు. ఆ నీళ్లు గంత జల్ది ఆరిపోతయా?" అనేవాడు పాన్‌డబ్బా ఆయన. అతన్ని మేమందరం మామ అనేవాళ్లం. "ఆ షర్టు ఎక్కడిదనుకుంటున్నవ్? దసరాకు అత్తగారు పెట్టిన బట్టనే. గా షర్టు తొడుక్కొని మనకు గోలెట్లిస్తడు?" అని ఇంకొకరు. బంతి ఎటు పోయిందో చూడనివాళ్లు కూడా షర్టును మాత్రం బాగా చూసేవాళ్లు.

అంతకు ముందు ఏడాది మేం ఓడిపోవడంతో ఈ అనుమానం రుజువైనట్టే అయింది. ఆట చివర్లో మావాడు వేసిన గోలును సారు ఆఫ్‌సైడు అని కొట్టేశారు. బంతి తన్నే క్షణానికి మావాడు అందరినీ దాటి ముందే గోలు దగ్గర కాచుకొని ఉన్నాడని, అలా ఉండకూడదని ఆయన వాదన. మా బాపు ఇది వినీ వినగానే తీర్పు చెప్పాడు. "ముందుగాల పోయి నిలబడుడు తప్పెట్లైతది? దుకాణంల ముందుగాల నిలబడ్డోనికే ముందుగాల సామానిస్తం. గీ రూలు యాడ పుట్టింది?" మైదానం మైదానమంతా "అల్లుడు! అల్లుడు!" అని అరిచింది. నేనూ అరిచాను. సారు వెనక్కి తిరిగి చూడలేదు. మరునాడు బడిలో నల్లబల్ల మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టి ఆఫ్‌సైడంటే ఏమిటో మాకు ఓపిగ్గా చెప్పారు. మేం తలలూపాం. ఒక్కడూ నమ్మలేదు.

మళ్లీ పంద్రాగస్టు దగ్గరపడింది. ఊరంతా సారును తిడుతూ కూర్చుంటే నేను బేరం సంగతి ఆలోచించాను. అవతలి ఊరు షర్టు పెట్టింది, మనం ఏం పెట్టాం? ధర కట్టని సరుకు మనకెందుకు వస్తుంది? అయితే సారు ధర ఏమిటో తెలియాలి. ఆయన మా దుకాణంలో బేరమాడేవారు కాదు, అడిగినంత ఇచ్చి వెళ్లేవారు. అలాంటివాళ్లతో వ్యాపారం కష్టం. ఆయన భార్య మాత్రం వచ్చినప్పుడల్లా బెల్లం దిమ్మను వేలితో తట్టి ధర అడిగి, "ఇంకోసారి తీస్కుంటలే" అని పప్పు మాత్రం కట్టించుకొని పోయేది. మూడుసార్లు అడిగి కొనని సరుకే మనిషి ధర అని నా లెక్క.

పంద్రాగస్టు నాడు పొద్దున మా బాపు జెండా దగ్గరికి వెళ్లాడు. నేను కడుపునొప్పి అని ఆగిపోయాను. దిమ్మ కొట్టి రెండు సేర్లు తూచాను. తూచి, మా అవ్వ కుట్టిన ఎర్రగీతల సంచిలో వేశాను. మా దుకాణం సంచి ఏదో బజారులో అందరికీ తెలుసు. తెలియాలనే ఆ సంచి తీసుకున్నాను. ఎవరు పంపారో సారుకు చెప్పకుండానే అర్థం కావాలి కదా.

సారు ఇంట్లో లేరు, గీతలు వేయడానికి మైదానానికి పోయారు. ఆమె ఊరికే ఇస్తే తీసుకోదని గుమ్మంలో నిలబడ్డాక తట్టింది. అక్కడికక్కడ ఒక మాట అల్లాను. "రెండు సేర్లు అక్కా. సారు పంపమన్నడంట, బాపు ఇచ్చి రమ్మన్నడు."

"సారు పంపమన్నడా? నిజంగ?" అన్నది ఆమె. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నేను అమ్మిన సరుకును చూసి ఎవరూ అలా సంతోషపడగా నేను చూడలేదు. ఆమె లోపలికి పోయి దోసెడు వేయించిన పల్లీలు తెచ్చి నా చేతుల్లో పోసింది. దారిపొడుగునా అవి తింటూ, ఈ బేరంలో ఇదొక కొసరు అనుకున్నాను.

సారు ఆ మధ్యాహ్నం ఇంటికి పోలేదు. చిరుజల్లు పడి గీతలు చెరిగితే మళ్లీ మొదటి నుంచి వేస్తూ ఉండిపోయారు. నాకది తెలియదు. సాయంత్రం ఆయన ఒకసారి మా వైపు చూస్తే, అందింది అని సైగ చేసినట్టే అనుకొని మురిసిపోయాను.

మేం ఒక గోలు వేశాం. ఆట అయిపోవచ్చే వేళకు సారు బావమరిది ఒక గోలు కొట్టాడు. అవతలి ఊరివాళ్లు అప్పటికే రుమాళ్లు ఎగరేస్తున్నారు. విజిల్ మోగింది. ఆఫ్‌సైడు.

బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు. "బావా! గోలు గాదా?"

"కాదు."

"నీ కండ్లు సక్కగున్నయా బావా?"

"నా కండ్లు సక్కగనే ఉన్నయి. నువ్వు నిలబడ్డ జాగనే సక్కగ లేదు."

పోయిన ఏడాది చెల్లని రూలు ఈసారి మా ఊరికి చప్పున అర్థమైంది. అల్లుడని అరిచిన నోళ్లే "శభాష్ సార్!" అని అరిచాయి. ఆఫ్‌సైడంటే ఏమిటో పక్కవాళ్లకు మా బాపు చేతులు తిప్పుతూ విడమర్చి చెప్తున్నాడు. ఆట ముగిసి, గెలిచి ఊరంతా సంతోషంగా ఉన్నప్పుడు ఆ సంతోషం నేను కొనిపెట్టిందని ఎవరికీ తెలియకపోతే ఎలా? పక్కన నిలబడ్డ పాన్‌డబ్బా మామను గిల్లి, "ఊకెనే ఊదిండనుకుంటున్నవా మామా? పొద్దుగాల్నే మా బెల్లం పోయింది వాళ్లింటికి" అన్నాను.

మామ పడిపడి నవ్వాడు. నవ్వి, నోట్లో మాట దాచుకోలేని మనిషి కాబట్టి, గట్టిగానే అన్నాడు. "అరే ఇన్నరా! సేటు దుకాణం బెల్లం పొద్దుగాల్నే సారింటికి పోయిందంట!" మావాళ్లు నవ్వారు. వెనుక తాము వచ్చిన లారీ ఎక్కబోతున్న అవతలి ఊరివాళ్లు నవ్వలేదు, దిగిపోయారు.

అందరూ కలిసి సారు ఇంటికి నడిచారు. వాళ్ల వెంట మా ఊరివాళ్లూ నడిచారు. నేనూ మందిలో పడి పోయాను. గుమ్మంలో ఆమె తమ్ముణ్ని చూసి ఎదురొచ్చింది. "అక్కా, సేటు దుకాణంకెల్లి ఏమన్న వచ్చిందా?" అని అతను అడిగాడు. ఆమె నవ్వుతూ లోపలికి పోయి సంచి తెచ్చి చూపించింది. "ఆ, మీ బావ బెల్లం పంపిండు. ఇంక ముక్క కొట్టలే. బువ్వ ఉడుకుతాంది, కూసోండ్రి, పరమాన్నం తిని పోదురు." ఎర్రగీతల సంచిని అందరూ చూశారు. వాళ్ల ముఖాలు చూసేసరికి ఆమె చేయి కిందికి దిగింది.

"ఎవరు తెచ్చిండ్రక్కా?"

ఆమె మంది మీదుగా చూసింది. నన్ను చూసింది. చేయి సగం లేచింది. అప్పుడే సున్నం చేతులతో సారు వచ్చారు. ఆయన సంచిని చూశారు, ఆమె చూపు ఎటు పోతున్నదో చూశారు, నన్ను చూశారు. బడిలో దొంగ లెక్క చేసినవాణ్ని పట్టుకోవడానికి ఆయనకు ఎంతసేపు పట్టేదో అంతే పట్టింది.

"నేనే పంపమన్న" అన్నారు. "నా ఇంటికి నేను తెప్పించుకున్న. ఏం?"

అందరూ మా బాపు వైపు తిరిగారు. అవును, సారు చెప్పిండు, నేను పంపిన అంటే చాలు, అది అక్కడితో అయిపోయేది. సారు కూడా ఆ మాట కోసమే చూస్తున్నారు. మా బాపు సంచిని చూశాడు, నన్ను చూశాడు. ఎదుట నిలబడ్డవాళ్లలో సగం మంది అంగడిరోజు మా గిరాకులు. "సంచి మా దుకాణందే" అన్నాడు నిదానంగా. "నన్నయితే సారు అడగలే. నేనయితే ఇయ్యలే. నాకెరుక లేదు."

మా బాపు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. సారు చెప్పినదాంట్లో ఒక్క నిజం లేదు. జనం ఎవరిని నమ్మాలో వాళ్లనే నమ్మారు. అడగకుండా, ఇవ్వకుండా బెల్లం ఇంటికెలా వస్తుంది? సారే బెదిరించి తెప్పించుకున్నాడని కొందరు, దొంగచాటు బేరమని కొందరు. మా ఊరివాళ్లు కూడా అందులో ఉన్నారు. పాన్‌డబ్బా మామ నన్ను చూసి, మా బాపును చూసి, నోటి నిండా పాన్ ఉన్నవాడిలా ఊరుకున్నాడు. నేను చెప్పవలసింది రెండే మాటలు. నేనే ఇచ్చిన. ఆ రెండు మాటలను నేను మనసులో చాలాసేపు తూచాను. తూచేవాడికి ఎప్పుడూ ఆలస్యమవుతుంది. అంతలో బావమరిది గుమ్మం దిగాడు. "నీ పరమాన్నం నువ్వే తిను అక్కా. ఈ ఇంట్ల ఇగ మేం నీళ్లు గూడ ముట్టం." లారీ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మా బాపు నన్ను కొట్టలేదు. ఎంత బెల్లం పోయిందని మాత్రం అడిగాడు.

మరునాడు దుకాణం తెరవగానే సారు వచ్చారు. సంచి బాపు కూర్చునే గద్దె మీద పెట్టి, "తూచురా" అన్నారు నాతో. నేను బెల్లం ఒక చిప్పలో వేసి, రెండో చిప్పలో రెండు సేర్ల రాళ్లు పెట్టాను. రాళ్లు కిందికి దిగాయి, బెల్లం పైకి లేచింది. తరాజు ముల్లు పక్కకు వాలి ఆగిపోయింది. పావుసేరు తక్కువ. ముక్క కొట్టని బెల్లం అది. ఊరి గౌరవం కొనడానికి ఇచ్చిన లంచంలో కూడా నా బొటనవేలు తన పని తాను చేసుకుపోయింది. చేతివాటమంటే అదీ.

సారు నవ్వలేదు, కోప్పడలేదు. "పావుసేరు ఎయ్యి" అన్నారు. వేశాను. ముల్లు నడుమకు వచ్చి నిలిచింది. "చూసినవా? ముల్లు ఎవ్వరికి అల్లుడు కాదురా" అన్నారు. అంతే. రెండు సేర్లకు ఎంతో మా బాపును అడిగి, గద్దె మీద పైసలు పెట్టి, సంచి తీసుకొని వెళ్లిపోయారు. నిన్న చెప్పిన అబద్ధాన్ని ఇవాళ నిజం చేసి వెళ్లారని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. మా బాపు ఆయన ముఖం చూడలేదు. కానీ అది పొద్దుటి బోణి కదా, ఆ పైసలను కళ్లకద్దుకొని గల్లాలో వేశాడు.

పై ఏడాది విజిల్ ఇంకొకరి మెడలో పడింది. అతనికి ఆఫ్‌సైడు సంగతే తెలియదు కాబట్టి రెండు ఊళ్లకూ నచ్చాడు. మైదానం గీతలు మాత్రం డ్రిల్లు సారే వేశారు, అంత సూటిగా వేసేవాళ్లు ఇంకెవరూ లేరు. గీతలు వేసి, సుతిలి చుట్టుకొని, ఆట మొదలయ్యేలోపే ఇంటికి పోయారు. బెల్లం గొడవ జరిగిన యేడే బతుకమ్మకు ఆమెను తీసుకుపోవడానికి పుట్టింటి బండి రాలేదు. తర్వాతి ఏడాదీ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మా వాడకట్టు ఆడవాళ్లతో కలిసి ఆడేది, చప్పట్లు కొడుతూ, పాట అందుకోకుండా. మా దుకాణానికి పప్పు కోసం వచ్చేది కానీ బెల్లం ధర మళ్లీ ఎన్నడూ అడగలేదు.

మూడేళ్లకు సారుకు పాలమూరు దిక్కు బదిలీ అయింది. వాళ్ల సామాను బస్సు మీదికి ఎక్కించడానికి నేనూ పోయాను. ఇవాళ చెప్పేస్తానని అనుకొనే పోయాను. సారు బస్సు మీద పెట్టెలకు తాడు కడుతున్నారు. ఆమె నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఒక్క మాట చెప్పు బిడ్డా. ఆ దినం సారు నిజంగనే పంపమన్నడా?"

ఆమెకు తెలియదని కాదు. సారు ఆనాడే చెప్పి ఉంటారు. నాకు ఒక దారి ఇవ్వడానికి అడిగింది. పద్నాలుగేళ్లవాణ్ని, అది అర్థమయ్యే వయసే. అర్థమైంది కూడా. "ఆ అక్కా. పంపమన్నడు" అన్నాను. ఆమె నా ముఖం చూసి, "మంచిది" అన్నది. దారిలో తినడానికి కట్టుకున్న మూటలోంచి దోసెడు పల్లీలు తీసి నా చేతుల్లో పోసి బస్సెక్కింది.

ఇప్పుడు మా మనవడు టీవీ ముందు కూర్చొని, ఎక్కడో దేశాల ఆట చూస్తూ, "రెఫరీ అమ్ముడుపోయిండు తాతా" అని గంతులేస్తాడు. ఎంతకు అని అడుగుతాను. వాడికి తెలియదు. ధర తెలియకుండా అమ్ముడుపోయిందనేవాణ్ని మా బజారులో గద్దె ఎక్కనిచ్చేవాళ్లం కాదు. అమ్ముడుపోయే రెఫరీలు ఉండరని నేను అనను. నాకు తెలిసిన ఒక్క రెఫరీ లెక్క మాత్రం నా దగ్గర ఉంది. ఇన్నేళ్లలో దాన్ని నేను చాలాసార్లు కూడి చూశాను, ప్రతిసారీ ఎక్కడో ఒకచోట బొటనవేలు పెట్టాను. ఈసారి పెట్టకుండా రాస్తున్నాను.

బెల్లం: పావు తక్కువ రెండు సేర్లు తెచ్చింది నేను, నిండా రెండు సేర్లకు పైసలు కట్టింది సారు. గెలుపు: నా బెల్లం లేకపోయినా మాదే. విజిల్: సారుకు పోయింది. బతుకమ్మలు మూడు: ఆమెకు పోయాయి, ఆ తర్వాతివి నాకు తెలియవు. మా బాపు గిరాకులు: ఒక్కరు కూడా తగ్గలేదు. నాకు వచ్చినవి రెండు దోసిళ్ల పల్లీలు. మొదటి దోసిలి దారిలోనే తిన్నాను. రెండోది తినలేకపోయానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది.

తిన్నాను.